కార్యవర్గంలోకి ప్లీడర్లు, జడ్జిగారు: వృత్తి గడిలో ఏం రాయాలి?

ప్రశ్న:

మాది విశాఖపట్నం మద్దిలపాలెంలో చిన్న సొసైటీ. పన్నెండేళ్ళుగా పెదజాలరిపేట వైపు ఆడపిల్లలకి సాయంత్రం పూట చదువు చెబుతున్నాం. పాడేరు వైపు నుంచి ఇంటర్ చదవడానికి వచ్చిన ముప్పై మంది అమ్మాయిలకి హాస్టల్ కూడా నడుపుతున్నాం. కార్యవర్గంలో తొమ్మిది మందిమి. అందరం టీచర్లుగానో, పోర్టులోనో, బ్యాంకులోనో చేసి రిటైరైనవాళ్ళమే. ఈసారి నాలుగు ఖాళీలు వచ్చాయి. మా ప్రెసిడెంటు గారు నాలుగు పేర్లు తెచ్చారు. పెందుర్తి దగ్గర ఒక దాత మాకు గిఫ్టుగా రిజిస్టరు చేసిచ్చిన స్థలం మీద ఆయన కొడుకు కేసు వేశాడు. ఆ కేసులో మా తరఫున వాదిస్తున్న ప్లీడరు గారు ఒకరు. ఆయన ఫీజు పెద్దగా తీసుకోరు. రెండో పేరు పధ్నాలుగేళ్ళ ప్రాక్టీసు ఉన్న ఒక లేడీ అడ్వకేటు. మూడోది సీతమ్మధారలో ఉంటున్న రిటైర్డ్ జిల్లా జడ్జి గారు. నాలుగోది మా ట్రెజరర్ గారి మేనల్లుడు, ఈమధ్యే పక్క జిల్లాలో జూనియర్ సివిల్ జడ్జిగా చేరాడు. "లెటర్‌హెడ్ మీద ఈ నాలుగు పేర్లు ఉంటే ఏ ఆఫీసులోనైనా కుర్చీ వేసి కూర్చోబెడతారు" అంటారు ప్రెసిడెంటు గారు. నాకు మాత్రం లోపల టెన్షన్‌గా ఉంది. వీళ్ళెవరో తెలుసు గానీ, వచ్చి ఏం చేస్తారో మాలో ఎవరికీ తెలియదు. వచ్చే నెల సర్వసభ్య సమావేశం. ఏం చెయ్యమంటారు?

— ఒక కార్యదర్శి, మద్దిలపాలెం

సమాధానం:

కార్యదర్శి గారూ,

మీ ఉత్తరంలో అసలు మాట చివర్లో ఉంది. "వీళ్ళెవరో తెలుసు గానీ, వచ్చి ఏం చేస్తారో తెలియదు." ఇన్నేళ్ళు ఇలాంటి సంస్థల లెక్కలు రాస్తూ, రెండు మూడింటికి కార్యదర్శిగా చేస్తూ నేను చూసిన గొడవల్లో సగం అక్కడే మొదలయ్యాయి. రిజిస్ట్రారు ఆఫీసుకిచ్చే జాబితాలో పేరు, చిరునామా పక్కన వృత్తి అని ఒక గడి ఉంటుంది కదా. అందులో మనం "అడ్వకేటు" అనో "రిటైర్డ్ జడ్జి" అనో రాసేసి ముందుకు పోతాం. ఆ ఒక్క మాట వెనక మనిషి పాతికేళ్ళు ఏం పని చేశాడో అడగం. అడిగితే చిన్నబుచ్చినట్టు అవుతుందేమోనని మొహమాటం.

ముందు మీ కేసు చూస్తున్న ప్లీడరు గారి సంగతి తేల్చుకుందాం. మిగతావి ఒక వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో, న్యాయవాది కోర్టు పట్ల ఎలా నడుచుకోవాలో చెప్పే భాగంలో ఎనిమిదో నియమం చూడండి. ఏ సంస్థ కార్యవర్గంలో సభ్యుడిగా ఉన్నారో, ఆ సంస్థ తరఫున గానీ దానికి వ్యతిరేకంగా గానీ న్యాయవాది కోర్టులో హాజరు కాకూడదు. మీరు దాన్ని కార్యవర్గం అన్నా, బోర్డు అన్నా, పాలకమండలి అన్నా తేడా లేదు. సంస్థ నిర్వహణ ఎవరి చేతిలో ఉందో వాళ్ళందరికీ ఇది వర్తిస్తుంది. బార్ అసోసియేషన్ లాంటి వాటి తరఫున ఫీజు లేకుండా నిలబడటానికి మాత్రం మినహాయింపు ఉంది. మీ హాస్టల్‌కి అది లేదు. "ఆయన మా దగ్గర డబ్బు తీసుకోరు కదా" అనడం అక్కడ పనికిరాదు.

అంటే ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకున్న మర్నాడే మీ కేసుకి ప్లీడరు లేనట్టు లెక్క. మీరు గమనించకపోయినా అవతలి పక్షం గమనిస్తుంది. దాత కొడుకు తరఫు ప్లీడరు వాయిదా రోజున లేచి ఆ సంగతి కోర్టు దృష్టికి తెస్తే, స్థలం గురించి జరగాల్సిన వాదన కాస్తా మీ ప్లీడరు గారి గురించి అవుతుంది. ఇంకొకటి కూడా ఉంది. ఆ గిఫ్టు ఎప్పుడు ఇచ్చారు, స్థలం స్వాధీనం ఎవరు తీసుకున్నారు, తీర్మానం ఎప్పుడు చేశారు అని చెప్పడానికి కార్యవర్గం నుంచి ఎవరో ఒకరు బోనెక్కక తప్పదు. తాను సాక్షి అయ్యే అవకాశం ఉన్న కేసుని న్యాయవాది తీసుకోకూడదని మరో నియమం ఉంది. రెండు వైపుల నుంచీ చిక్కే.

నన్నడిగితే కేసు తేలేవరకు ఆయన్ని బయటే ఉంచండి. ఆయన బయట ఉంటేనే మీకు లాభం కూడా. లోపలికి వస్తే ఆయన కూడా మీలో ఒకరైపోతారు. బయట ఉన్న ప్లీడరు "మీ తీర్మానం తేదీకీ రిజిస్ట్రేషన్ తేదీకీ పొంతన లేదు, ఇది దెబ్బ కొడుతుంది" అని మొహమాటం లేకుండా చెప్పగలడు. కేసు గురించి మాట్లాడే సమావేశానికి ఆ ఒక్క అంశానికి ఆహ్వానితుడిగా పిలవండి, ఓటు లేకుండా. ఈ నియమం ఆయనకి తెలియకుండా ఉండదు. ఏదో ఫంక్షన్‌లో మీ ప్రెసిడెంటు గారు చెయ్యి పట్టుకుని "మీరు రావాలండీ" అంటే కాదనలేక తలూపి ఉంటారు. మీరే ముందు ఎత్తితే ఊపిరి పీల్చుకుంటారని నా అనుమానం.

ఇక ప్లీడర్లందరినీ దూరం పెట్టమని నేను చెప్పడం లేదు. మన ఊళ్ళో ప్లీడర్లు జనం పనికి దిగడం ఈనాటిది కాదు. బీచ్ రోడ్డులో పార్కుకి పేరున్న తెన్నేటి విశ్వనాథం గారు న్యాయవాదే. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యమంలో ముందు నిలబడ్డారు. కాకపోతే ప్లీడరు అంటే ఒకే పని అనుకోకూడదు.

జిల్లా కోర్టు ఆవరణలో ఒక పూట నిలబడి చూడండి. ఒకాయన చేతిలో పాత దస్తావేజుల కట్ట, ఆయన జీవితమంతా భూమి తగాదాలు. ఇంకొకాయన రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసులే చూస్తారు. ఒకరు బెయిళ్ళు, క్రిమినల్ ట్రయల్స్. పోర్టు, స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు ఉన్న ఊరు కాబట్టి లేబర్ కోర్టు వైపు నలిగినవాళ్ళూ ఉంటారు. బ్యాంకు బాకీల ట్రైబ్యునల్‌లో తిరిగేవాళ్ళు వేరు. వీళ్ళందరి కార్డు మీదా "అడ్వకేటు" అనే ఉంటుంది. మీ హాస్టల్‌కి వీళ్ళలో ఎవరు పనికొస్తారు? దస్తావేజులు చదివే ఆయన మీ పెందుర్తి స్థలం లింకు డాక్యుమెంట్లు ఒక గంటలో చూసి లోపం పట్టుకుంటారు. లేబర్ వైపు చేసిన ఆయన మీ వంటమనిషికీ వాచ్‌మన్‌కీ నియామక పత్రం ఇచ్చారా, జీతం బ్యాంకులో వేస్తున్నారా, ఇంకో ఇద్దరిని పెట్టుకుంటే పది మంది అయి ఈఎస్ఐ కిందికి వస్తారా అని మొదటి రోజే అడుగుతారు. క్రిమినల్ ట్రయల్స్ చేసే ఆయన చాలా మంచివారే కావచ్చు. కానీ అలవాటు కొద్దీ కూరగాయల బిల్లు మీద మీ వార్డెన్‌ని క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తే ఆవిడ మర్నాడు రాదు. ఇలాంటిది నేను ఒకచోట కళ్ళారా చూశాను.

"సీనియర్" అన్న మాటకి కూడా మోసపోకండి. మన దగ్గర తలకి నాలుగు తెల్ల వెంట్రుకలు వస్తే అందరూ సీనియర్ గారే. చట్టంలో సీనియర్ అడ్వకేటు అంటే 1961 నాటి అడ్వకేట్స్ చట్టం కింద హైకోర్టో సుప్రీంకోర్టో ఇచ్చే హోదా. ఆ హోదా వచ్చినవాళ్ళు సొంతంగా వకాల్తా దాఖలు చెయ్యరు, పక్కన ఇంకో న్యాయవాది ఉండాల్సిందే. మీకొచ్చే బయోడేటాలో ఆ మాట ఉంటే ఏ అర్థంలో రాశారో అడగండి. గవర్నమెంటు ప్లీడరుగా ఉన్నారా అన్నది కూడా అడగండి. రేపు మీ స్థలం విషయంలో రెవెన్యూ వాళ్ళు కూడా పార్టీ అయితే, ఆయన రోజూ నిలబడేది వాళ్ళ పక్కనే.

ఇవన్నీ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అడగడం ఇబ్బంది అనిపిస్తే సగం పని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో న్యాయవాది పేరుతో వెతికితే ఆయన పేరున నడుస్తున్న కేసులు కనిపిస్తాయి. పార్టీ పేరుతో వెతకడానికి కూడా వీలుంది. మీ దాతల పేర్లు, మీ పక్క స్థలం వాళ్ళ పేర్లు, దాత కొడుకు పేరు పెట్టి చూడండి. మీరు పిలవబోయే ప్లీడరు ఇంకేదో కేసులో ఆ కొడుకు తరఫునే ఉన్నారని సమావేశం అయ్యాక తెలిస్తే ఎంత ఇబ్బంది! మీ కార్యవర్గంలో బ్యాంకులో చేసిన వారెవరో ఉన్నారన్నారు కదా, వాళ్ళకి అప్పగించండి. వెతుకుతూ కూర్చోవడం వాళ్ళకి అలవాటే.

జడ్జి గారి విషయానికి వద్దాం. ఇక్కడ కూడా "రిటైర్డ్ జడ్జి" అన్న మాట కింద రెండు మూడు రకాల జీవితాలు ఉంటాయి. కొందరు జూనియర్ సివిల్ జడ్జిగా చేరి, మునసబు కోర్టు అని జనం ఇప్పటికీ పిలిచే చోట మొదలుపెట్టి, ఊరూరా తిరిగి, మెట్టు మెట్టుగా జిల్లా జడ్జి అయినవాళ్ళు. కొందరు కనీసం ఏడేళ్ళు న్యాయవాదిగా చేసి, నేరుగా జిల్లా జడ్జిగా ఎంపికైనవాళ్ళు. రాజ్యాంగం 233వ అధికరణంలోని ఏడేళ్ళ లెక్క అదే. మొదటివాళ్ళకి ఆఫీసు నడపడం, గుమాస్తాలతో పని చేయించడం, రికార్డు భద్రపరచడం చిన్నప్పటి నుంచీ అలవాటు. రెండోవాళ్ళకి క్లయింటు కష్టం ఎలా ఉంటుందో తెలుసు. ఆయన ఫ్యామిలీ కోర్టులో చేశారా, పిల్లల మీద లైంగిక నేరాల కేసులు చూసే పోక్సో కోర్టులో చేశారా, లోక్ అదాలత్‌లు నడిపారా అన్నది కూడా కనుక్కోండి. ఆడపిల్లల హాస్టల్‌కి ఇవి చాలా దగ్గరి విషయాలు.

చిన్న విషయమే అయినా చెబుతాను, లెటర్‌హెడ్ అచ్చు వేయించే ముందు పనికొస్తుంది. "జస్టిస్" అన్న మాట హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల పేర్ల ముందే వాడతారు. జిల్లా జడ్జి గారి పేరు ముందు పెట్టకూడదు. నేను పనిచేసిన ఒకచోట ఉత్సాహం కొద్దీ వెయ్యి కరపత్రాలు అలా అచ్చు వేయించాం. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. జేబులోంచి పెన్ను తీసి, కుర్చీ లాక్కుని, ఒక్కొక్క కాగితం మీదా ఆ మాట కొట్టేస్తూ కూర్చున్నారు. మేం కూడా పక్కన కూర్చున్నాం. రాత్రి తొమ్మిదయింది.

ఆయన లాంటివారు దొరికితే వదులుకోకండి. జడ్జిగా చేసినవారికి ఉండే మంచి అలవాటు ఏమిటంటే, కాగితం చూడకుండా మాట్లాడరు. రెండు పక్షాలూ చెప్పేదాకా ఆగుతారు, తేల్చిన దానికి కారణం రాస్తారు. మన ఊరి నుంచే ఉదాహరణ చెప్పాలంటే, 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకయినప్పుడు జాతీయ హరిత ట్రైబ్యునల్ నిజనిర్ధారణకి వేసిన కమిటీకి విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి బి. శేషశయనారెడ్డి గారిని అధ్యక్షుడిగా పెట్టింది. పక్కన ప్రొఫెసర్లు, సాంకేతిక నిపుణులు. రసాయనాల సంగతి వాళ్ళు చూస్తారు, ఎవరేం చెప్పారో వడగట్టి ఒక నివేదికగా నిలబెట్టే పని జడ్జిది. మీ సంస్థలో కూడా ఆయనకి అలాంటి పనే సరిపోతుంది.

సరిపోని పని ఏమిటో కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ళు ఎత్తైన కుర్చీలో కూర్చుని, ఒంటరిగా నిర్ణయం తీసుకుని, ఎవరూ మధ్యలో మాట్లాడని గదిలో పనిచేసిన మనిషిని హఠాత్తుగా తొమ్మిది మంది ఒకేసారి మాట్లాడే మీ సమావేశంలో కూర్చోబెడుతున్నారు. తప్పు ఆయనది కానే కాదు, సాధారణంగా మనదే. ఆయన రాగానే అందరూ లేస్తారు. ఆయన ఒక మాట అనగానే చర్చ ఆగిపోతుంది. నేను చూసిన ఒక కార్యవర్గంలో హాస్టల్‌కి ఫ్రిజ్ కొనాలా వద్దా అన్నదాని మీద రెండు పేజీల ఉత్తర్వులాంటిది మినిట్స్‌లోకి ఎక్కింది. ఎండాకాలం వెళ్ళిపోయింది, ఫ్రిజ్ రాలేదు. ఆర్నెల్లకి వంట సంగతి తెలిసిన ఇద్దరు ఆడవాళ్ళు సమావేశాలకి రావడం మానేశారు.

అందుకని ఆయన్ని తీసుకోండి గానీ అధ్యక్షుడిగా తీసుకోకండి. మామూలు సభ్యుడిగా రమ్మనండి. "ఫిర్యాదులు, నియమావళి మీరు చూడండి" అని స్పష్టంగా ఒక పని అప్పగించండి. ఇంకో కారణం కూడా ఉంది. మీ సొసైటీ 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందే కదా. ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం సభ్యుల మధ్య తగాదా వస్తే మధ్యవర్తిత్వానికి వెళ్ళాలి, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేసుకోవాలి. జిల్లా జడ్జిగా చేసిన మనిషి అలాంటి దరఖాస్తులు విని ఉండొచ్చు. నిక్షేపంలాంటి సంస్థలు ఏ చిన్న మాట దగ్గర రెండుగా చీలిపోతాయో, ఎన్నికల నోటీసు సరిగ్గా ఇవ్వకపోతే ఏమవుతుందో ఎదురుగా చూసి ఉంటారు. మొదటి కలయికలో ఆయన్ని వేరే ఏమీ అడగకపోయినా ఇది అడగండి: "అయ్యా, మీ ముందుకొచ్చిన సొసైటీ గొడవలు ఎక్కడ మొదలయ్యేవి?" ఆ జవాబు ఒక్కటి చాలు, మీ బైలాస్ ఎక్కడ దిద్దుకోవాలో తెలుస్తుంది.

నాలుగో పేరు, మేనల్లుడిది. ఆ మాట ఎత్తొద్దు. సర్వీసులో ఉన్న జడ్జి ఆయన. 1997 మే 7న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు అందరూ కలిసి పదహారు విలువల పత్రం ఒకటి ఆమోదించారు. అందులో న్యాయమూర్తి క్లబ్బులకి, సొసైటీలకి జరిగే ఎన్నికల్లో నిలబడకూడదని ఉంది. చట్టానికి సంబంధించిన సంఘాల్లో తప్ప అలా ఎన్నికయ్యే పదవుల్లో ఉండకూడదని ఉంది. ఏ పని కోసమైనా సరే చందాలు వసూలు చెయ్యడంలో పాలుపంచుకోకూడదని కూడా ఉంది. అది పై కోర్టుల న్యాయమూర్తుల కోసం రాసినదే. కింది కోర్టుల వాళ్ళకి సర్వీసు నియమాలు విడిగా ఉంటాయి, వాళ్ళు ఇలాంటి వాటిలో చేరాలంటే పైఅధికారుల అనుమతి లేకుండా కుదరదు. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన కుర్రాడు. మేనమామ మొహమాటానికి ఊ అన్నాడంటే దెబ్బ అతని సర్వీసుకే. ట్రెజరర్ గారికి ఈ మాట మీరే నెమ్మదిగా చెప్పండి, సమావేశంలో కాదు, ఇంటికి వెళ్ళి.

ఇక ఆ లేడీ అడ్వకేటు. మీ నలుగురిలో నేనైతే మొదటి చీటీ ఆవిడకే వేస్తాను. విచిత్రం ఏమిటంటే మీ ఉత్తరంలో ఆవిడ గురించి "పధ్నాలుగేళ్ళ ప్రాక్టీసు" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. ఏ కోర్టులో చేశారు? ఫ్యామిలీ కోర్టులోనా, పోక్సో కేసులా, మహిళల గృహహింస కేసులా? మీ పిల్లలు ఇంటర్ పిల్లలంటే ఎక్కువమంది పద్దెనిమిది నిండనివాళ్ళు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని భయం ఉన్నా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకుండా దాస్తే ఆర్నెల్ల దాకా జైలు. తన కింద పనిచేసేవాళ్ళు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యులు దాచిపెడితే ఏడాది దాకా. "పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం" అని పెద్దమనుషులు అనుకునే చోటే ఈ సెక్షన్ తగులుకుంటుంది. ఆ చట్టం కింద కేసులు నడిపిన మనిషి మీ పక్కన ఉంటే, వార్డెన్ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినప్పుడు ఎవరికి చెప్పాలి, పిల్లని ఏం అడగకూడదు, ఏ కాగితం రాసి పెట్టాలి అన్నది అప్పటికప్పుడు తెలుస్తుంది.

ఆవిడ ముద్దాయిల తరఫున వాదించేవారైతే వెనకాడొద్దు. కేసులు ఎక్కడ వీగిపోతాయో, సంస్థలు మొదటి రోజు ఏ తప్పు చేస్తాయో వాళ్ళకే బాగా తెలుసు. మీ పిల్లలకి సంబంధించిన ఏ కేసులోనూ అవతలి వైపు లేరని మాత్రం చూసుకోండి. ఒకవేళ ఆవిడకి కార్యవర్గంలో కూర్చునేంత తీరిక లేదంటే ఇంకో దారి ఉంది. మీ దగ్గర సిబ్బంది పది మంది ఉంటే, 2013 నాటి చట్టం కింద పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి. అందులో బయటి సభ్యులు ఒకరు తప్పనిసరి. ఆ కుర్చీకి ఆవిడ సరిగ్గా సరిపోతారు.

పదవుల విషయంలో ఒక మాట. ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని కార్యదర్శిగానో ట్రెజరర్‌గానో పెట్టకండి. కంపెనీల విషయంలో బార్ కౌన్సిల్ నియమం సూటిగానే చెబుతుంది: డైరెక్టరుగా ఉండొచ్చు గానీ రోజువారీ నిర్వహణ పనులు చెయ్యకూడదు, మేనేజింగ్ డైరెక్టరుగా గానీ సెక్రటరీగా గానీ ఉండకూడదు. మీది సొసైటీయే అయినా అదే గీత పాటించడం మంచిది. రూలు సంగతి అలా ఉంచినా, పని సంగతి చూడండి. నేను చేసిన ఒక సంస్థలో చెక్కుల మీద సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి మంచి పేరున్న ప్లీడరు. 2019లో హైకోర్టు అమరావతికి వచ్చాక వారంలో నాలుగు రోజులు అక్కడే ఉండేవారు. విజయవాడ నుంచి వచ్చే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఆయన దిగే టైముకి, ఆయా జీతం చెక్కు పట్టుకుని నేను స్టేషన్‌లో నిలబడిన రోజులున్నాయి. ఆ ఏడాది కార్యవర్గం జాబితా కూడా ఆలస్యంగా తీసుకెళ్ళాను. ఆఫీసులో గుమాస్తా కాగితాలు అటూ ఇటూ తిప్పి, "పేర్లు పెద్దవేనమ్మా, సంతకాలేవి?" అన్నాడు. మీ ప్రెసిడెంటు గారి కుర్చీ కథ విన్నప్పుడు నాకు ఆ గుమాస్తాయే గుర్తొచ్చాడు.

లెటర్‌హెడ్ గురించి ఇంకొంచెం. న్యాయవాదులు తమ వృత్తిని ప్రచారం చేసుకోకూడదు. వాళ్ళ బోర్డు మీద, సొంత కాగితాల మీద ఫలానా సంస్థతో సంబంధం ఉందని గానీ, ఒకప్పుడు జడ్జిగా చేశామని గానీ రాసుకోకూడదని నియమం. అలాంటప్పుడు మీ చందా కరపత్రం మీద ఆవిడ పేరు, పక్కన "అడ్వకేటు", కింద చాంబర్ ఫోన్ నంబరు వేస్తే ఆవిడకే తలనొప్పి. పేరు చాలు. వృత్తి రిజిస్ట్రారుకిచ్చే గడిలో ఉంటే సరిపోతుంది.

డబ్బు సంగతి సభ్యులైన న్యాయవాదులతో మొదటి రోజే మాట్లాడుకోండి. నోటీసు రాసినందుకో అగ్రిమెంటు తయారుచేసినందుకో వాళ్ళకి ఫీజు ఇస్తే, అది సంస్థ డబ్బు సంస్థ మనుషులకే వెళ్ళినట్టు. పనికి తగినంత ఇస్తే నేరం కాదు. ఎక్కువ ఇస్తే మీ ఆదాయపు పన్ను మినహాయింపుకే ఎసరు. ఇచ్చే ప్రతి రూపాయికీ తీర్మానం ఉండాలి, ఆ తీర్మానం జరిగేటప్పుడు ఆ సభ్యులు బయట కూర్చోవాలి. మీ ఆడిటరు గారిని అడిగితే ఇంకా గట్టిగా చెబుతారు.

చివరికి మీ నాలుగు ఖాళీల్లో రెండే నిండాయి: ఆవిడ, జడ్జి గారు. మిగతా రెండూ చట్టం తెలిసినవాళ్ళతోనే నింపాలని ఎక్కడా లేదు. కార్యవర్గమంతా తిరగేసి చూశాను, జాలరిపేట నుంచి ఒక్కరు లేరు, పాడేరు వైపు నుంచి ఒక్కరు లేరు. పన్నెండేళ్ళలో మీ దగ్గర చదివి, ఉద్యోగంలో స్థిరపడిన అమ్మాయి ఒకరైనా ఉండరా? చేపలు అమ్మి పిల్లని మీ దగ్గర చదివించిన తల్లి ఒకరు ఉండరా? ఆ కుర్చీలు వాళ్ళవి.

న్యాయ సహాయం తక్కువవుతుందేమోనన్న భయం పెట్టుకోకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, దానికి అధ్యక్షులు జిల్లా జడ్జి గారే. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. మీ పిల్లల ఇళ్ళలో వచ్చే భూమి తగాదాలకీ, తల్లుల మనోవర్తి కేసులకీ కార్యవర్గంలోని ప్లీడరుని ఇబ్బంది పెట్టే బదులు అక్కడికి పంపండి. ఆంధ్రా యూనివర్సిటీ అంబేడ్కర్ న్యాయ కళాశాల మీకు నడిచి వెళ్ళేంత దూరం. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. పిల్లలకి చట్టాల మీద నెలకో క్లాసు చెప్పమంటే విద్యార్థులు సంతోషంగా వస్తారు.

మీ కేసు ప్లీడరు గారికి ఈ వారమే ఫోన్ చెయ్యండి. కార్యవర్గం మాట మీరే ఎత్తండి, ఎనిమిదో నియమం మాట మాత్రం ఆయన నోటి వెంట రానివ్వండి. అలాగే ఆ కేసు కాగితాల పూర్తి కాపీ ఒకటి, దావా, మీరు వేసిన జవాబు, గిఫ్టు దస్తావేజు నకలు, వాయిదా తేదీలతో సహా, మీ హాస్టల్ బీరువాలో ఉందో లేదో ఈరోజే తీసి చూడండి. ఉండదని నా పందెం.